జపాను పాత్రధారణ క్రీడలు : మూలరూపము, నవరూపము

ఒక చిన్న సన్నివేశముతో నా ప్రసంగమును ఆరంభించెదను. ఒక యువవీరుడు ఒంటరిగా కొండలు, ఎడారులు, విషపుమడుగులు దాటి, బహుకాలము శ్రమించి, ఎట్టకేలకు శత్రువు కొలువుకూటమును చేరుకొనును. లోకమును చీకటిలో ముంచిన డ్రాగన్ రాజు ఎదుట నిలుచును. ఆ రాజు వెంటనే ఆయుధమెత్తడు. ఒక బేరము పెట్టును. తన పక్షమున చేరినచో లోకములో సగభాగము వీరునకిచ్చెదననును. తెరపై రెండు మాటలు మాత్రము కనిపించును. ఒకటి ‘ఔను’, రెండవది ‘కాదు’. ఆటగాడు ‘ఔను’ అను మాటను ఎంచుకొనినచో ఏమగును?

1986 మే నెలలో జపానునందు ఎనిక్స్ సంస్థ వెలువరించిన ‘డ్రాగన్ క్వెస్ట్’ అను వీడియో ఆటలో ఈ ప్రశ్నకు లభించు సమాధానము కఠినమైనది. ఆశకు లొంగిన వీరుని కథ అక్కడనే ముగిసిపోవును. అంతవరకు పడిన శ్రమయంతయు వ్యర్థమగును. 1993 డిసెంబరులో అదే ఆటను సూపర్ ఫామికామ్ అను క్రొత్త యంత్రమునకు తగినట్లు పునర్నిర్మించినప్పుడు ఈ సమాధానము మారినది. వీరుడు ఒక సత్రములో మేల్కొనును. జరిగినదంతయు పీడకల యని తేలును. అతడు లేచి ముఖము కడుగుకొని మరల ప్రయాణము సాగింపవచ్చును.

ఈ రెంటిలో ఏది మేలు? రెండవది దయగలది, ఆటగాని కాలమును వృథా చేయదు. మొదటిది నిర్దయమైనది, కాని అచ్చట ‘ఔను’ అను మాటకు విలువ గలదు. తప్పు చేసినవాడు దాని ఫలమనుభవింపక తప్పదని ఆ ఆట ఒక్క క్షణములో చెప్పును. జపాను పాత్రధారణ క్రీడల అభిమానులు దశాబ్దములుగా చేయుచున్న వాదములన్నిటికిని ఇట్టి చిన్న భేదములే మూలము. ప్రాతరూపమును, క్రొత్తరూపమును ప్రక్కప్రక్కన నుంచి వారు చిత్రమునకు చిత్రము, మాటకు మాట, స్వరమునకు స్వరము పోల్చి చూతురు. బయటివారికి ఇది పనిలేని పనిగా తోచవచ్చును. నేను కూడ మొదట అట్లే తలచితిని. కాని పరిశీలించిన కొలది, ఇది మన పండితులు తాళపత్రములను ముందు వేసికొని చేయు పాఠాంతర విమర్శకు మిక్కిలి దగ్గరి చుట్టమని తెలిసినది.

ముందుగా ఈ ఆటల స్వరూపమును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. ఆంగ్లమున రోల్ ప్లేయింగ్ గేములని పిలువబడు ఈ క్రీడలలో ఆటగాడు ఒక పాత్రను ధరించి, ఒక దీర్ఘమైన కథలో సంచరించును. ఊరూర తిరిగి జనులతో మాటలాడును. శత్రువులతో పోరాడి అనుభవమును గడించును. ఆ అనుభవము అంకెల రూపమున పెరిగి, పాత్రకు బలమును, విద్యలను ఇచ్చును. అమెరికాలో కంప్యూటర్లపై ‘విజార్డ్రీ’, ‘అల్టిమా’ అను ఆటలు 1981 నాటికే వెలసినవి. వానినుండి స్ఫూర్తి గొని, ఇంటింటి టెలివిజనుకు తగిలించుకొను ఫామికామ్ యంత్రముపై, చిన్నపిల్లలు సైతము ఆడుకొనదగినట్లు ఈ పద్ధతిని సులభము చేసినవాడు యూజీ హొరీ. అతని ‘డ్రాగన్ క్వెస్ట్’కు చిత్రములు గీసినవాడు అకిరా తొరియామా, సంగీతము కూర్చినవాడు కోఇచీ సుగియామా. మరుసటి యేడు, అనగా 1987 డిసెంబరులో, స్క్వేర్ సంస్థనుండి హిరోనొబు సకగుచి రూపకల్పనలో ‘ఫైనల్ ఫాంటసీ’ వెలువడినది. ఈ రెండు పరంపరలును నేటికిని సాగుచున్నవి. వానిని ప్రచురించిన రెండు సంస్థలును 2003లో ఒక్కటైనవి.

ఆట పుస్తకము వంటిది కాదు. పుస్తకమును చదువుటకు కన్నులున్న చాలును. ఆటకు యంత్రము కావలెను. యంత్రములు పదియేండ్లకు ముసలివగును, ఇరువదియేండ్లకు మూలపడును. కనుక ఒక ఆట బ్రదుకవలెనన్న అది మరల మరల క్రొత్త దేహమును ధరింపవలెను. ఈ దేహధారణము మూడు విధములు. ఉన్నదానిని ఉన్నట్లే క్రొత్త యంత్రముపైకి మార్చుట మొదటిది. బొమ్మలను శబ్దమును శుభ్రపరచి ఇచ్చుట రెండవది. దీనినే రీమాస్టర్ అందురు. కథను మాత్రము గ్రహించి, తక్కినదంతయు పునాదినుండి కట్టుట మూడవది, ఇదియే రీమేక్. వాదములలో సగము ఈ మూడింటిని కలగాపులగము చేయుటవలన పుట్టుచున్నవి. ఇంటికి సున్నము కొట్టినవానిని, ఇల్లు పడగొట్టి కట్టినవానిని ఒకే తక్కెడలో తూచరాదు గదా!

ఇప్పుడు మొదటి ‘డ్రాగన్ క్వెస్ట్’ను కొంచెము దగ్గరగా చూతము. ఆ ఆట యంతయు 64 కిలోబైట్లలో ఇమిడినది. నేడు చేతిఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రము దానికి అనేక రెట్లుండును. అంత ఇరుకు చోటున ఒక రాజ్యమును, ఊళ్లను, గుహలను, రాక్షసులను, సంభాషణలను ఇముడ్చుటకు నిర్మాతలు పడిన పాట్లు విన్నచో ఆశ్చర్యము కలుగును. జపాను భాషలోని కటకానా అక్షరములన్నిటికి చోటు చాలక, కొన్నింటినే ఎంచుకొని, వానితోనే రాక్షసుల పేర్లు మున్నగువానిని కూర్చిరి. వీరుని బొమ్మకు ప్రక్కలు, వీపు గీయలేదు. అతడు ఏ దిక్కునకు నడచినను ముఖము మనవైపే యుండును. అందుచే ఎవరితోనైన మాటలాడవలెనన్న ఏ దిక్కున నున్న మనిషితో అని వేరుగా చెప్పవలసి యుండెను. మెట్లు దిగుటకు సైతము ఒక ప్రత్యేకమైన ఆజ్ఞ కలదు. 1988లో వచ్చిన మూడవ భాగములో చోటు చాలకపోవుటచే, నల్లని తెరపై తెల్లని అక్షరములతో ఆట పేరు మాత్రము చూపి, సంగీతము గాని చిత్రము గాని లేకయే ఆరంభించిరి.

ఆటను మధ్యలో ఆపి మరునాడు కొనసాగించుటకు యంత్రములో జ్ఞాపకశక్తి లేదు. కావున ఆట ఇరువది అక్షరముల మంత్రమొకటి తెరపై చూపును. ఆటగాడు దానిని కాగితముపై వ్రాసికొని, మరునాడు తప్పులేక తిరిగి పొందుపరుపవలెను. రెండవ భాగమున ఈ మంత్రము 52 అక్షరముల వరకు పెరిగినది. ఒక్క యక్షరము తప్పు వ్రాసికొనినను నిన్నటి శ్రమ దక్కదు. ఆనాటి జపాను పిల్లలు పెన్సిలు పట్టుకొని టెలివిజను ముందు కూర్చుండి, ఒకటికి రెండుమారులు సరిచూచుకొనుచు వ్రాసికొనిన కాగితములు ఒక తరము స్మృతిలో నిలిచిపోయినవి.

పునర్నిర్మాణములలో ఇవన్నియు తొలగిపోయినవి. వీరుడు నాలుగు దిక్కులకు తిరుగును. మెట్లపై కాలు పెట్టినచో తానే దిగును. ఆట తన్ను తాను భద్రపరచుకొనును. మెట్ల ఆజ్ఞ పోయినందులకు కంటతడి పెట్టిన అభిమానిని ఎవరును చూచియుండరు. అది నిజముగా లోపమే. కాని అదే ఇరుకుతనము నుండి పుట్టిన మరికొన్ని విషయములను గూర్చి వాదము తెగదు. ఆట ఆరంభమైన చోటనే, రాజు కోటనుండి వెలుపలికి రాగానే, నీటికి ఆవలి గట్టున శత్రువు కోట కనిపించును. కూతవేటు దూరమే, కాని మధ్య నీరు. అచ్చటికి చేరుటకు లోకమంతయు చుట్టి రావలెను. ఇట్లు గమ్యమును మొదటనే చూపి, దానిని అందకుండ చేయుటలో గొప్ప శిల్పము కలదు. ఇది చిన్న పటమువలన కలిగిన అవసరమా, రచయిత ఊహయా? రెండును అని చెప్పవలెను. చోటు లేకపోవుటయే అతనిచేత ఈ ఊహను చేయించినది.

మరియొక ఉదాహరణము. మొదటి ఆటలో వీరుడు ఒంటరి; అతని ఎదుట నిలుచు శత్రువు కూడ ఒక్కడే. ప్రతి పోరాటమును ద్వంద్వయుద్ధము. 2025 అక్టోబరులో మొదటి రెండు భాగములకు వచ్చిన క్రొత్త పునర్నిర్మాణమున శత్రువులు గుంపులుగా వచ్చి ఆ ఒంటరివానిని చుట్టుముట్టుదురు. దానికి తగినట్లు అతనికి క్రొత్త విద్యలను గూడ ఇచ్చిరి. పోరాటము రక్తి కట్టినది, ఆలోచనకు పని కలిగినది అని కొందరు సంతసించిరి. ఎదురెదురుగా ఇద్దరే నిలిచిన ఆ నిశ్శబ్దము పోయినదని ప్రాతవానిని ప్రేమించువారు చెప్పుదురు. ఇరువురును నిజమే చెప్పుచున్నారు. ఒకరు క్రీడను గూర్చి, మరియొకరు కథను గూర్చి మాటలాడుచున్నారు.

చిత్రముల సంగతికి వత్తము. ఆనాటి బొమ్మలు చిన్న చిన్న చదరపు చుక్కలతో కూర్చినవి. నేటి పలుచని తెరపై వానిని చూచినచో చుక్కల అంచులు కత్తిరించినట్లు కనిపించును. కాని వానిని గీసినవారి ముందున్నది వెనుకటి గాజుబుడ్డి టెలివిజను. దానిలో చుక్కల వెలుగు కొంచెము ప్రక్కకు వ్యాపించి, ఒక రంగు మరొక రంగులో కలసి, అంచులు మెత్తబడును. ఆ మెత్తదనమును లెక్కలోనికి తీసికొనియే చిత్రకారులు పనిచేసిరి. కావున ‘మూలమును ఉన్నదున్నట్లు చూపుచున్నాము’ అని నేటి తెరపై పదునైన చుక్కలను చూపినను అది మూలము కాజాలదు. ఈ కారణముచేతనే కొందరు అభిమానులు బరువైన ప్రాత టెలివిజనులను వెదకి తెచ్చుకొని ఇంట దాచుకొనుచున్నారు. 2018లో ‘ఆక్టోపాత్ ట్రావెలర్’ అను క్రొత్త ఆటతో స్క్వేర్ ఎనిక్స్ వారు మరియొక మార్గము చూపిరి. మనుష్యుల బొమ్మలు ప్రాత చుక్కలుగనే యుండును. చుట్టునున్న ఇండ్లు, చెట్లు, నీరు, వెలుతురు లోతుగల ఆధునిక చిత్రములుగ నుండును. 2024 నవంబరులో ‘డ్రాగన్ క్వెస్ట్’ మూడవ భాగము ఈ వేషముననే మరల వచ్చినది. ఇది నాటి ఆట కన్నులకు కనిపించిన తీరు కాదు. నాటి ఆట జ్ఞాపకములో నిలిచిన తీరు. జ్ఞాపకమెప్పుడును వస్తువుకన్న అందమైనది గదా!

శబ్దము మా వృత్తికి సంబంధించినది. కావున దీనిని గూర్చి కొంచెము చనువు తీసికొందును. ఫామికామ్ యంత్రములో రాగము పలుకుటకు ప్రధానముగా మూడు గొంతులే యుండెను. తాళపు చప్పుళ్లకు వేరొక మార్గము కలదు. మూడు గొంతులతో ఒక రాజసభను, ఒక సముద్రమును, ఒక మరణమును వినిపింపవలెను. సుగియామా అంతకు ముందే టెలివిజను, చలనచిత్ర రంగములలో పేరుపొందిన సంగీతకర్త. మూడు గొంతులే యుండుటచే రాగము బలముగ నుండవలెను. అలంకారముల వెనుక దాగుటకు వీలులేదు. ఫలితమేమనగా, ఆ రాగములను పూర్తి వాద్యబృందమునకు విస్తరించినప్పుడును అవి నిలిచినవి. 1987లోనే టోక్యో నగరమందలి సంటోరీ హాలులో వానిని కచ్చేరీగా వినిపించిరి. 2021 జూలైలో టోక్యో ఒలింపిక్ క్రీడల ప్రారంభోత్సవమున ఆయా దేశముల క్రీడాకారులు మైదానములో అడుగుపెట్టునపుడు మొదట వినిపించినది ‘డ్రాగన్ క్వెస్ట్’ గీతమే.

అయినను శబ్దము పెరిగినంత మాత్రమున భావము పెరుగునని చెప్పజాలము. 1994లో వెలువడిన ‘ఫైనల్ ఫాంటసీ’ ఆరవ భాగములో ఒక సంగీతనాటక ఘట్టము కలదు. సెలెస్ అను సేనానాయిక, కార్యార్థమై, ఒక ప్రసిద్ధ గాయని వేషము ధరించి రంగస్థలమెక్కును. సంగీతకర్త నొబువో ఉఎమత్సు. ఆ యంత్రమునకు మనుష్యకంఠమును పలికించు శక్తి లేదు. అందుచే గొంతును పోలిన ఒక కృత్రిమ ధ్వని రాగము నాలపించును. పాటలోని మాటలు తెరపై అక్షరములుగ సాగిపోవును. ఆటగాడు ముందుగా పాటను చదివి గుర్తుంచుకొని, రంగముపై తగిన చరణమును తానే ఎంచవలెను. 2022 ఫిబ్రవరిలో వచ్చిన మెరుగుపరచిన ప్రతిలో నిజమైన గాయనీగాయకులు, పలు భాషలలో, ఈ ఘట్టమును పాడిరి.

నేను ఈ రెండు రూపములను ఒకనాటి రాత్రి, కన్నులు మూసికొని, ఒకదాని వెంట నొకటి వింటిని. క్రొత్తది నిస్సందేహముగ మధురమైన గానము. ప్రాతది గానము కాదు. గానము యొక్క నీడ. కాని నీడను విన్నప్పుడు నా మనస్సు తానే పాడినది. రేడియో నాటకములో ఒక తలుపు చప్పుడు, నాలుగు అడుగుల సవ్వడి వినిపించినచో శ్రోత ఇల్లంతయు తానే కట్టుకొనును. ఆ ఇల్లు మేము కట్టి చూపగల ఇంటికన్న గొప్పది. ప్రాత ఆటల బలము కూడ ఇదియే. చెప్పలేని దానిని ఆటగాని ఊహకు విడిచిపెట్టినవి. పునర్నిర్మాణము ఆ ఖాళీని నింపినప్పుడు ఒకరికి బహుమానము దొరకినట్లుండును. మరియొకరికి తమ ఇంటిలో పరులు ప్రవేశించినట్లుండును. 2023లో ఈ పరంపరలోని మొదటి ఆరు భాగములను గృహయంత్రములకు విడుదల చేసినపుడు, ప్రాత సంగీతము, క్రొత్త సంగీతము అను రెంటిలో దేనినైన ఎంచుకొను వీలు కల్పించిరి. ఇది వివేకమైన పరిష్కారమని నా తలంపు.

ఇక భాష. జపానునకు వెలుపల ఈ ఆటలను ఎరిగినవారిలో పెక్కుమంది వానిని ఆంగ్లానువాదములోనే ఎరుగుదురు. వారికి మూలమనగా ఏది? జపాను మూలమా, తాము చిన్ననాడు చదివిన అనువాదమా? ఆరవ భాగమును ఆంగ్లీకరించిన టెడ్ వుల్సీకి ఆ మహాకథ నంతయు మార్చుటకు లభించిన గడువు సుమారు 30 దినములు. 1995 నాటి ‘క్రోనో ట్రిగ్గర్’ను అనువదించినవాడును అతడే. అందులో శాపవశమున కప్పరూపము దాల్చిన ఒక వీరుడు కలడు. జపాను మూలములో అతని భాష మొరటైనది. వుల్సీ అతనిచేత ప్రాతకాలపు గ్రాంథికాంగ్లమును పలికించెను. 2008లో క్రొత్త అనువాదము వచ్చినపుడు ఆ గ్రాంథికమును తీసివేసిరి. మూలమునకు ఇది సన్నిహితము. అయినను ఎందరో అభిమానులు, తమకు తెలిసిన కప్పవీరుడు చనిపోయినాడని బాధపడిరి.

దీనికి ఎదురైన ఉదాహరణము కూడ కలదు. 1991 నాటి నాలుగవ భాగమున వృద్ధ మాంత్రికుడు టెల్లా, తన కుమార్తె మరణమునకు కారకుడని తలచి, గాయకుడైన ఎడ్వర్డు మీదికి దూకును. ఆంగ్లప్రతిలో అతడు వాడిన తిట్టు, వాడుకనుండి తొలగిపోయిన ఒక ప్రాత విశేషణము. శోకఘట్టములో ఆ మాట విన్నవారికి నవ్వు వచ్చినది. కాని ఆ నవ్వుతోనే అది ప్రసిద్ధి పొందినది. తరువాతి ఆంగ్లప్రతులలో అనువాదమును ఎంతగానో సవరించియు, ఆ ఒక్క తిట్టును మాత్రము ప్రేమతో నిలిపిరి. క్లైడ్ మాండెలిన్ వంటి అనువాదకులు ఈ ఆట యొక్క జపాను, ఆంగ్ల ప్రతులను పంక్తి పంక్తిగా పోల్చి, ఎచ్చట ఏమి మారినదో, ఎందుకు మారినదో వివరించిరి. ఇది అభిమానము శాస్త్రముగా మారిన తీరు.

పోలికలన్నిటిలోను పెద్దది ‘ఫైనల్ ఫాంటసీ’ ఏడవ భాగమునకు సంబంధించినది. 1997 జనవరిలో మూడు సీడీలలో అది వెలువడినది. అందలి మనుష్యులకు గొంతు లేదు. చేతులు కొయ్యదిమ్మెల వలె నుండును. అయినను ఎరిత్ అను పూలమ్మి మరణించినపుడు దేశదేశముల ఆటగాండ్రు కంటతడి పెట్టిరి. ఆ మరణము వెంటనే ఒక యుద్ధము జరుగును. సామాన్యముగా అట్టిచోట రణగీతము మ్రోగవలెను. కాని ఆమె రాగమే, మెల్లగా, యుద్ధమంతయు సాగును. చేయి పోరాడుచుండును, చెవి విలపించుచుండును. ఇట్టి శిల్పమునకు ఖరీదైన యంత్రమక్కరలేదు.

దీని పునర్నిర్మాణమును 2015లో ప్రకటించి, 2020 ఏప్రిలులో మొదటి ఖండమును, 2024 ఫిబ్రవరిలో రెండవ ఖండమును వెలువరించిరి. మూలములో కొద్ది గంటలలో ముగియు మిడ్గార్ నగర వృత్తాంతము, మొదటి ఖండమున ఒక పూర్తి ఆటగా విస్తరించినది. మూలములో పేరు చెప్పి పరిచయమగునంతలో మరణించు జెస్సీ, బిగ్స్, వెడ్జ్ అను సహచరులకు ఇచ్చట ఇండ్లు, తల్లిదండ్రులు, ముచ్చటలు ఏర్పడినవి. పోరాటము వంతులవారీగా సాగక, కత్తి దూసి పరుగెత్తునదిగ మారినది; ప్రాతపద్ధతికి అలవాటుపడినవారికై ఆజ్ఞలు మాత్రమే యిచ్చుచు ఆడుకొను ఏర్పాటును గూడ ఉంచిరి.

అన్నిటికన్న విచిత్రమైనది కథలోనే కలదు. సంఘటనలు 1997 నాటి త్రోవను తప్పబోయినపుడెల్ల, ముసుగులు ధరించిన ఛాయారూపములు కొన్ని వచ్చి, కథను ప్రాత త్రోవలోనికి నెట్టును. అవి విధికి కాపలాదారులు. పాత్రలు కడకు వానితోనే పోరాడుదురు. కొందరు అభిమానులు ఈ ఛాయలలో తమ్మునే చూచుకొనిరి. ‘మార్చవలదు’ అని పట్టుపట్టు మన పట్టుదలకే రూపమిచ్చినారని వారు వ్యాఖ్యానించిరి. రెండవ ఖండమున ఎరిత్ ఘట్టము వచ్చినపుడు, ఒక క్షణము వేరొక పరిణామమును గూడ తెరపై మెరపించిరి. ఆమె బ్రదికినదా, లేదా అను సంశయముతో శోకము పలుచబడినదని ఒక వర్గము. ఏమి జరుగునో తెలిసిన కథలో మరల గుండె కొట్టుకొనునట్లు చేసినారని మరియొక వర్గము. నా మట్టుకు, మరణము నిశ్చయమైనపుడే ఆ ప్రాత రాగము అంతగా కదిలించినదని అనిపించును. కాని తెలిసిన కథను తెలియనిదిగ చేయుట కూడ సులభమైన విద్య కాదు.

ఇదంతయు బాల్యస్మృతుల మోహమే గదా యని ఎవరైన అడుగవచ్చును. అందులో నిజము లేకపోలేదు. పదియేండ్ల ప్రాయమున తిన్న జామకాయ రుచి నలుబదియవ యేట ఏ తోటలోను దొరకదు. కాని మోహము మాత్రమే అయినచో, అభిమానులు ప్రతి పునర్నిర్మాణమును నిరసింపవలసి యుండును. అట్లు జరుగుటలేదు. 1994లో జపానులో మాత్రమే వెలువడిన ‘లైవ్ ఎ లైవ్’ అను ఆట 2022లో పునర్నిర్మాణము పొందినపుడే తొలిసారి అధికారికముగ ఇతర దేశములకు చేరినది. వారందరికి ఆ క్రొత్తరూపమే ద్వారము. దానిని వారు హృదయపూర్వకముగ స్వాగతించిరి. క్రొత్తరూపముతో మొదలుపెట్టి, పిదప మూలమును వెదకికొని పోవు యువకులును కలరు. వారికి మూలముతో బాల్యబంధము లేదు. కనుక వారు మెచ్చినది బాల్యమును కాదు, శిల్పమునే.

ఇక అసలు చిక్కును చెప్పవలెను. రెండు రూపములును అందుబాటులో నున్నంతవరకు వాదము ఆరోగ్యకరము. రెండవది వచ్చి మొదటిదానిని త్రోసివేసినపుడే నష్టము. 2021 జూలైలో ‘ఫైనల్ ఫాంటసీ’ ఐదవ, ఆరవ భాగముల మెరుగుపరచిన ప్రతులు రానున్న సందర్భమున, అంతకు ముందటి కంప్యూటరు ప్రతులను విక్రయమునుండి తొలగించిరి. ఆ ప్రతులు పలువురికి నచ్చినవి కావు. అయినను తొలగింపు తొలగింపే. 2023 మార్చిలో నింటెండో సంస్థ తన రెండు ప్రాత యంత్రముల అంగడిని మూసివేయగా, అచ్చట కొనదగిన ఎన్నో ఆటలు ఒక్కనాటితో దొరకకుండ పోయినవి. అదే యేడు అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అను సంస్థ ప్రకటించిన పరిశీలనలో, 2010కి పూర్వము ఆ దేశమున వెలువడిన ఆటలలో నూటికి 87 నేడు అంగడిలో లభింపవని తేలినది.

నిర్మాతల ఇంట కూడ ప్రతులు భద్రముగ లేవు. 1997 నాటి ‘ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్’ను పునరుద్ధరింపబూనినపుడు, దాని మూలసంకేతములు తమవద్ద మిగిలియుండలేదని నిర్మాతలే వెల్లడించిరి. అంగట అమ్ముడైన ప్రతులను ముందు పెట్టుకొని, ఆటను ఆడి చూచి, తిరిగి కట్టవలసి వచ్చినది. తల్లిప్రతి నశించి, పిల్లప్రతులనుండి గ్రంథమును నిర్ణయించు పండితుని స్థితికిని దీనికిని భేదమేమి? అయితే వారొక మంచి పని చేసిరి. 2025 సెప్టెంబరులో వెలువడిన ఆ ఆటలో మెరుగుపరచిన రూపముతోపాటు, ప్రాతరూపమునకు దగ్గరగా కట్టిన మరియొక రూపమును గూడ చేర్చి, ఆటగాని యిష్టమునకు విడిచిపెట్టిరి. పరిష్కర్త తన పాఠమును పైన ముద్రించి, ప్రాత పాఠమును అడుగున చూపినట్లున్నది ఈ పద్ధతి.

మంచి పరిష్కర్తకు రెండు గుణములు కావలెనందురు. లేఖకుని తప్పును దిద్దుటకు ధైర్యము ఒకటి. కవి వాడిన వింత మాటను చూచి తప్పని భ్రమింపకుండుటకు వినయము రెండవది. మెట్ల ఆజ్ఞ లేఖకుని తప్పు వంటిది, దానిని దిద్దవలసినదే. యుద్ధములో వినిపించిన ఎరిత్ రాగము కవి మాట. దానిని ముట్టుకొనునపుడు చేయి వణకవలెను. ఈ రెంటి నడుమ నున్నది విశాలమైన భూమి. అభిమానుల వాదములన్నియు ఆ భూమిలోనే జరుగుచున్నవి. వారి పోలికలు ఒక్కొక్కమారు గోరంతను కొండంత చేయుట నిజమే. కాని ఎవరును పోల్చి చూడనినాడు, ఏది పోయినదో చెప్పువారే యుండరు.

మొదట చెప్పిన డ్రాగన్ రాజు బేరమునకు మరల వత్తును. ఆశకు లొంగిన వీరుడు సత్రములో మేల్కొనుట నాకు తప్పుగా తోచదు. పసివాడు ఆడునపుడు వానికి రెండవ అవకాశము ఇచ్చుట పెద్దల ధర్మమే. కాని ఒకప్పుడు ఆ ‘ఔను’ అను మాటతో కథ ముగిసిపోయెడిదని, ఆ భయముతో పిల్లల వ్రేళ్లు మీటపై తడబడెడివని తెలిసికొను అవకాశము కూడ ఆ పసివానికి ఉండవలెను. మీ ఇంట ఎవరైన బాలుడో బాలికయో ఇట్టి ఆటను ఆడుచున్నచో, ఒక సాయంకాలము ప్రక్కన కూర్చుండి, దీని ప్రాతరూపమెట్లుండెనో చెప్పుమని అడిగి చూడుడు. వారు చెప్పుటకు సిద్ధముగనే యుందురు. ఆ సంభాషణములో మూలమేదో, మార్పేదో, దేనిని నిలుపుకొనవలెనో వారే తర్కింప మొదలిడుదురు. విమర్శకు అదియే మొదటి పాఠము.